మా మేడ మీది వియత్నాం

పోయిన వారం మేడమీది వాటాకు రంగులు వేయించాం. రెండోరోజు పొద్దున రంగులు వేసే అతను పైనుంచి కేకేశాడు. "అమ్మా, వంటింటి గోడమీద ఏందో రాసుండారు. కొట్టేసేదా?" మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి చూశాను. పొయ్యి పక్కన, మనిషి భుజం ఎత్తులో, పెన్సిలుతో రాసిన చిన్న చిన్న మాటలు వరసగా కిందికి దిగి ఉన్నాయి. చూస్తే ఇంగ్లీషు అక్షరాలే, కానీ కొన్నింటి నెత్తిన టోపీలు, కొన్నింటి కాళ్ళకింద చుక్కలు. కూడబలుక్కుంటే నీళ్ళు, ఉప్పు, చాలు అని మన మాటలే. అన్నింటికంటే కింద 'కారం వద్దు' అని రాసి, దానికింద రెండు గీతలు గీసి ఉంది. ఈ గోడ ఒక్కటీ వదిలేయమన్నాను. అతను దాన్ని ఏదో మంత్రం అనుకున్నట్టున్నాడు, మరో మాట అడక్కుండా చెప్పులు విడిచి పక్కగోడకు పోయాడు.

మాది తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రానికి నాలుగు మైళ్ళ ఇవతల. మా ఆయనకు వ్యవసాయం, నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మేడమీది రెండు గదుల్లో ఎప్పుడూ ఎవరో ఒక బ్యాంకు ఉద్యోగి కాపురముండేవాడు. మూడేళ్ళ కిందట అది ఖాళీగా ఉన్నప్పుడు, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పెంచే హ్యాచరీ మేనేజరు వచ్చి, మా ఆయన పక్కన కూర్చుని, చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పాడు. వియత్నాం నుంచి ఒకామె వస్తోంది, రొయ్యపిల్లల్ని రోగాలు రాకుండా పెంచే పద్ధతి ఇక్కడివాళ్ళకు నేర్పి ఎనిమిది నెలల్లో వెళ్ళిపోతుంది, ఆడమనిషి గనక హ్యాచరీ క్వార్టర్సులో కాకుండా సంసారుల ఇంట్లో ఉంటే బాగుంటుందని. ఆమె ఏం తింటుందని అడిగాను. "అన్నమూ చేపలూనే మేడం, మన మాదిరే" అన్నాడు. ఆ ఒక్కమాటకు ఒప్పుకున్నాను.

వచ్చినామె సన్నగా, పొట్టిగా, చెయ్యి పట్టుకుంటే పిట్టను పట్టుకున్నట్టు ఉండేది. గుమ్మం ముందు చెప్పులు విడిచి, రెండు చేతులతో ఒక డబ్బా స్వీట్లు నాకిచ్చి, ఫోను తీసి అందులో ఏదో మాట్లాడింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు తెలుగులో అడిగింది. "మీ యొక్క వయస్సు ఎంత?" ఆ ఫోను మాట్లాడే తెలుగు ఆంధ్రదేశంలో ఎవరూ మాట్లాడరు. నాకు ఎర్రసిరా కలం తీసుకుని దాన్ని దిద్దాలని చెయ్యి దురద పెట్టేది. అయినా గడపలో అడుగు పెట్టగానే అడిగే ప్రశ్నా అది? అరవై ఒకటి అని ముక్తసరిగా చెప్పాను. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకుని, ఎంతో తృప్తిగా తల ఊపి, పైకి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున్నే నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. ఎదురింటి వదినగారు పాలు పోయించుకుంటోంది. మేడమీదినుంచి, తీయని గొంతుతో, వీధంతా వినబడేటట్టు "ఛీ ఓయ్!" అని పిలుపు. తలెత్తి చూస్తే పిట్టగోడమీంచి వంగి, నావైపే చూసి నవ్వుతోంది. "ఛీ ఓయ్!" మళ్ళీ అంది. ఎదురింటి వదినగారు పాలగిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని, నా ఇంటి మేడమీద నిలబడి, నన్నే ఛీ అంటుందా! ముగ్గు సగంలో వదిలేసి లోపలికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన కాఫీ తాగుతూ, "ఫోనులో అడుగు. కోపం తర్వాత తెచ్చుకుందువులే" అన్నాడు. అడిగాను. ఆమె ఏదో చెబితే, ఫోను చాలాసేపు ఆలోచించి తెలుగులో చెప్పింది. "ఆ పదమునకు అర్థము అక్క." వాళ్ళ భాషలో 'నువ్వు', 'మీరు' అని ఊరికే అనరట. ఎదుటి మనిషి అక్కో చెల్లెలో పిన్నో తేల్చుకున్నాకే నోరు విప్పుతారట. వయసడిగింది అందుకే. తనకు నలభై ఆరు. నేను అక్కను, తను చెల్లెలు. ముగ్గు పూర్తిచేయడానికి వాకిట్లోకి వెళితే ఎదురింటి వదినగారు ఇంకా అక్కడే ఉంది. సంగతి చెప్పినా నమ్మినట్టు కనబడలేదు.

ఊళ్ళో కుదురుకోవడం ఆమెకు అంత సులువు కాలేదు. మొదటివారం మా కూరలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకునేది, అది కారానికో దిగులుకో మాకు తెలిసేది కాదు. పెరుగులో పంచదార కలుపుకుని దాంతోనే బతికింది. ఒకరోజు తన సంచిలోంచి ఒక సీసా తీసి మూత విప్పింది. చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగేసి తీసిన రసమట. పొలంనుంచి వస్తున్న మా ఆయన గేటు దగ్గరే ఆగి, "ఏమి చచ్చిందే ఇంట్లో?" అన్నాడు. ఆ రోజు ఆమె చింతపండు పులుసులో చేపముక్కలు వేసి, టమాటాలు వేసి, అనాసపండు ముక్కలు కూడా వేసి వండింది. తన ఊరు మెకాంగ్ నది సముద్రంలో కలిసేచోట, అక్కడ ఇంటింటా చేపల పులుసు ఇదేనట. నెల్లూరివాడికి చేపల పులుసు గురించి ఇంకొకరు చెప్పడమా అన్నట్టు కూర్చున్న మా ఆయన, మొలగొలుకుల అన్నంలో రెండుసార్లు కలుపుకుని, మూడోసారి గిన్నె తనవైపు జరుపుకున్నాడు. అనాసపండు సంగతి మాత్రం బయట చెప్పొద్దన్నాడు.

నా పాత స్కూటీ ఆమెకిచ్చాను. ముఖమంతా గుడ్డ చుట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని పొద్దున్నే హ్యాచరీకి పోయేది. తొలినెలలో ఒక తొట్టిలో రొయ్యపిల్లలన్నీ చచ్చిపోతే రెండురోజులు అన్నం ముట్టలేదు. తర్వాత తర్వాత పని దారిన పడింది. నేను రోజుకు నాలుగు మాటలు చెబితే గోడమీద రాసుకునేది. సాయంత్రం డాబామీద తూర్పుముఖంగా కూర్చుని ఇంటికి ఫోను చేసేది. సముద్రం దాటి తిన్నగా పోతే మా ఊరే అన్నట్టు చెయ్యి చూపించేది. కిందినుంచి వింటే ఆ ఫోన్లలో నాకు అర్థమయ్యేది ఒక్క మాటే, ఛీ. అది వాళ్ళ సొంత అక్క.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడో కలుక్కుమనేది. నాకూ ఒక సొంత చెల్లెలుంది, చిట్టమూరులో. ఆమె నన్ను అక్కా అని పిలిచి అప్పటికి ఆరేళ్ళు. మా అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉండేది. జ్వరమొచ్చి నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. సరిగ్గా అప్పుడే చెల్లెలి కూతురికి తొలికాన్పు. రెండురోజుల్లో తగ్గిపోయే జ్వరానికి దాన్నెందుకు కంగారు పెట్టడమని నేను చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఐదోరోజు అమ్మ పోయింది. చెల్లెలు వచ్చేసరికి ముఖం చూడటమే మిగిలింది. ఆ రోజు ఆమె నన్నొక్క మాట అనలేదు. కర్మకాండ అయ్యాక వెళ్ళేటప్పుడు మాత్రం, "పోయొస్తానండీ" అంది. అంతే. అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో కనబడితే "బాగుండారా?" అని అడిగేది, దూరపు చుట్టాన్ని అడిగినట్టు. తిడితే పడేదాన్ని. ఆ మర్యాదనే ఎట్లా భరించాలో తెలిసేది కాదు.

నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున వియత్నాం చెల్లెలు మెట్లు దిగి వచ్చి, వంటింటి గడపమీద కూలబడింది. ముఖం పాలిపోయి ఉంది. ఫోనులో మాట్లాడి నాకందించింది. వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి పదిరోజులైందట. ప్రాణభయం తప్పి ఇంటికి తెచ్చాక, ఆ రోజే వీడియోలో చూపించారట. మాట ముద్దగా వస్తోంది, నోరు ఒక పక్కకు పోయింది. పదిరోజులుగా ఆమె ఎప్పుడు అడిగినా, అమ్మ నిద్రపోతోంది, గుడికెళ్ళింది అని అక్క చెబుతూ వచ్చిందట.

నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ, పెద్దవాళ్ళు చెప్పే మాటలే చెప్పాను. "మీ అక్క నీ మంచికే చెప్పలేదమ్మా. ఇంత దూరాన ఉండి నువ్వు మాత్రం ఏం చేయగలవు?" ఫోను దాన్ని వాళ్ళ భాషలోకి మార్చింది. ఆమె చాలాసేపు మాట్లాడింది, ఏడుస్తూనే. ఫోను తన రాతిగొంతుతో చెప్పింది. "మా అమ్మ పడిపోయిన దినమున నేను ఇక్కడ నవ్వుచున్నాను. మీతో కూర్చుని మామిడిపండు తిన్నాను. తెలిసి ఉంటే ఏడ్చేదానిని. నా అక్క నన్ను ఏడవనివ్వలేదు."

ఈసారి ఆ తెలుగులో తప్పులు వెతకాలని నాకనిపించలేదు. ఆ మాటలు వియత్నాంనుంచి కాక చిట్టమూరునుంచి వచ్చినట్టున్నాయి. ఆరేళ్ళుగా నేను మంచికే చేశానని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను, చెల్లెలిది మొండితనం అనుకుంటూ వచ్చాను. ఆమె దగ్గర నేనేం లాగేసుకున్నానో ఆ ఆదివారం, నా వంటింటి గడపమీద తెలిసింది. వియత్నాం చెల్లెలి ఏడుపు ఆగాక, ఫోను నా చేతిలోకి తీసుకుని, నా కథ మొత్తం దానికి చెప్పాను. ఎవరికీ అంత వివరంగా చెప్పి ఎరగను. విని, కళ్ళు తుడుచుకుని, ఆమె ఒక్కటే అడిగింది. "నేను నా అక్క వద్దకు పోవుచున్నాను. మీరు ఎప్పుడు పోవుదురు?"

మేనేజరు రెండువారాలు సెలవిచ్చాడు. ఇక తిరిగిరాదని ఊరంతా అనుకుంది. మా ఆయన కూడా మేడమీది వాటాకు మనుషుల్ని చూడమంటావా అన్నాడు. సరిగ్గా పదిహేనోరోజు ఆటో దిగింది. అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట. అక్కతో మూడురోజులు పోట్లాడి, నాలుగోరోజు ఇద్దరూ కలిసి అమ్మకు తలంటి పోశారట. అదంతా ఫోను అవసరం లేకుండా చేతులతోనే చెప్పింది. చెప్పి, నన్ను చూసి, తలెగరేసింది, మీ సంగతేమిటన్నట్టు.

ఆ వచ్చే ఆదివారమే ఇద్దరం చిట్టమూరుకు బయల్దేరాం. నెల్లూరులో బస్సు మారి, నాయుడుపేటలో దిగి, అక్కడినుంచి ఆటోలో. దారంతా నేనేం మాట్లాడాలో వల్లెవేసుకుంటూనే ఉన్నాను, చెల్లెలి ఇల్లు కనబడగానే ఒక్కటీ గుర్తులేదు. వసారాలో చాపమీద చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, "రండి. కూర్చోండి" అంది. నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. వియత్నాం ఆమెకు అటువంటి మొహమాటాలేం లేవు. చెప్పులు విడిచి, తిన్నగా వెళ్ళి చాపమీద కూర్చుని, ఇంత చింతపండు ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టింది. నేనింకా నిలబడే ఉంటే, వెనక్కి తిరిగి, "ఛీ ఓయ్!" అని పిలిచింది, వచ్చి కూర్చోమని.

చెల్లెలు అదిరిపడింది. "ఏంది, నిన్ను పట్టుకుని ఛీ అంటా ఉండాది!"

నిన్ను అంది. ఆమె గమనించలేదు, నేను గమనించాను. "వాళ్ళ భాషలో అక్కా అనడం అట్నే" అన్నాను.

చెల్లెలు కాసేపు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "ఆరేళ్ళుగా నేను అనాల్సిన మాట ఆమె అంటా ఉండాది" అంది. తనన్న మాటకు తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నేను చాపమీద కూర్చున్నాను. "నీకు చెప్పకుండా తప్పు చేసినాను" అన్నాను. దారంతా వల్లెవేసినవాటిలో ఈ మాట లేదు.

"అమ్మ ఆ ఐదురోజులూ ఏం చేసిందో చెప్పు" అంది చెల్లెలు, తనూ కూర్చుని చింతపండు ఒళ్ళోకి తీసుకుంటూ.

చెప్పాను. మొదటిరోజు కాఫీ అడిగింది. రెండోరోజు నర్సు పెళ్ళి గురించి వాకబు చేసింది. మూడోరోజు నన్ను చూసి, "చిన్నది వచ్చిందా?" అంది. రేపొస్తుందమ్మా అన్నాను. నాలుగోరోజు మళ్ళీ అడిగింది. మళ్ళీ రేపన్నాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే చెల్లెలి గుండె పగిలిపోతుందని ఆరేళ్ళు లోపలే దాచుకున్నాను.

చెల్లెలి చేతులు ఆగిపోయాయి. "అడిగిందా? నన్ను అడిగిందా?" అంది. "నేనసలు గుర్తుకే రాలేదేమో, నన్ను తలుచుకోకుండానే పోయిందేమో అనుకుంటా ఉండాను అక్కా." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె నావైపు చూడటం లేదు, ఒళ్ళో ఉన్న చింతపండువైపు చూస్తోంది. నేను ఏ మాటను దాచి ఆమెను కాపాడుతున్నానని అనుకున్నానో, ఆమె ఇన్నేళ్ళూ కావాలనుకున్నది ఆ మాటే. వియత్నాం ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అంతా అర్థమైనట్టు తలొంచుకుని గింజలు తీస్తూనే ఉంది. మధ్యాహ్నం వడ్డిస్తూ చెల్లెలు, "ఇంకొంచెం పెట్టుకో. చిక్కిపోయినావు నువ్వు" అంది. నేనేం చిక్కలేదు. అయినా పెట్టించుకున్నాను.

మిగిలిన నాలుగు నెలలూ పరుగెత్తాయి. హ్యాచరీలో పనివాళ్ళు ఆమె లేకుండానే రొయ్యపిల్లల్ని పెంచడం నేర్చుకున్నారు, అంటే ఇక ఆమె వెళ్ళిపోవచ్చునని అర్థం. మద్రాసు విమానాశ్రయానికి నేనూ చెల్లెలూ కలిసి వెళ్ళాం. లోపలికి పోయేముందు మా ఇద్దరి చేతులూ ఒక దగ్గర చేర్చి పట్టుకుంది. ఫోను తీయలేదు. ఇప్పటికీ నెలకోసారి ఫోను చేస్తుంది, వాళ్ళమ్మను చూపిస్తుంది.

ఈమధ్య చెల్లెలు వచ్చి నాలుగురోజులుండి వెళుతోంది. మధ్యాహ్నాలు ఇద్దరం పక్కపక్కన పడుకుని అమ్మ సంగతులు చెప్పుకుంటాం, ఒకే సంగతిని నేనొకలా, తనొకలా. మాటల్లేకుండా పోగొట్టుకున్న ఆ ఆరేళ్ళూ ఎటూ తిరిగిరావు. కానీ పోయిన రోజుల గురించి చెప్పుకోవడానికైనా కొన్ని రోజులు చేతిలో ఉండాలి కదా, అవి మాకింకా మిగిలే ఉన్నాయి.