పక్క పోగుకు ముడి

సదానందం గారు నాకంటే ఏడేళ్లు పెద్ద. అయినా నన్ను మేడం అనే పిలిచేవారు. వలస వచ్చిన తెలుగువాళ్లుండే పర్వత్ పాటియాలో వారమంతా సాంచాల ముందు, ఆ కరెంటు మగ్గాల ముందు, రోజుకు పన్నెండు గంటలు నిలబడి గుడ్డ నేసి, ఆదివారం పొద్దున జేబులో రెండు పెన్నులు పెట్టుకుని పాఠానికి వచ్చేవారు. దూరవిద్యలో డిగ్రీకి ఆరేళ్లు పట్టిందట. బ్యాంకు క్లర్కు పరీక్షకు వయసు గడువు ఈ ఏడాదితో సరి. ఇది తప్పితే ఇక సాంచాలే.

ఇంగ్లీషు ఎమ్మే చదివానని తెలుగు సంఘం వాళ్లు నన్ను పాఠాలు చెప్పమన్నారు. ఊరికి ఆ చివరున్న అడాజన్ నుంచి బస్సులో వెళ్లేదాన్ని. నలుగురి ముందు నోరు తెరవాలంటే నాకు చెమటలు పట్టేవి.

ఆ ఆదివారం వాక్యంలో తప్పు దిద్దే ప్రశ్నలు. మామిడిపళ్ల పెట్టె తెరిచి ఉంది అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంలో క్రియ ఏకవచనమా, బహువచనమా? బహువచనమని బోర్డు మీద రాశాను. క్రియకు దగ్గరున్న మాటనే, అంటే ఇంగ్లీషులో దాని పక్కనే వచ్చే మామిడిపళ్లనే, చూడాలని కూడా చెప్పాను.

సదానందం గారు లేచారు. "జర ఆగుండ్రి మేడం. పోగు తెగితే పక్కనున్న పోగుకు ముడెయ్యం గదా. ఎంత దూరమున్నా దాని పోగునే దేవులాడి పట్టుకుంటం. ఈడ తెరిచున్నది పెట్టె, పండ్లు గాదు గదా?"

వెనక ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"ఇది సాంచా కాదండీ, ఇంగ్లీషు," అన్నాను.

ఈసారి అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, తన నోట్సులో రాసుకున్నది కొట్టేసి నాది ఎక్కించుకున్నారు.

ఇంటికెళ్లి పుస్తకం తీస్తే ఆయనదే రైటు. పరీక్ష శనివారం. మెసేజ్ రాసి మూడుసార్లు చెరిపేశాను. బుధవారం వాళ్ల గల్లీకే వెళ్లాను. ఆయన భార్య జమున గుమ్మంలో కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. నన్ను చూపించి పక్కింటామెతో, "గీ మేడమే మా ఆయినకు సదువు చెప్పేది. తప్పన్నదే రాదంట," అంది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన సదానందం గారు, ఏమన్నా చెప్పేదుందా అని అడిగారు. హాల్ టికెట్ మరిచిపోవద్దని చెప్పి, టీ తాగి వచ్చేశాను.

ఫలితాలు వచ్చాక ఆయన మళ్లీ పాఠానికి వచ్చారు. జేబులో పెన్నులు లేవు. ఒక్క మార్కుతో పోయిందన్నారు. అలాంటి ప్రశ్నలు రెండు వచ్చాయట.

"గవి మీరు చెప్పినట్టే పెట్టిన. ఇంకేడనో పోయింది మేడం," అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు.

అప్పుడు చెప్పాను. నేను చెప్పింది తప్పని, పరీక్షకు ముందే ఆ సంగతి నాకు తెలుసని.

"గా దినం మా ఇంటికొచ్చింది గందుకేనా?" అని అడిగారు.

తలూపాను.

"వీళ్లకన్న సరిగ్గ చెప్పుండ్రి." మేడం అనలేదు.

పెట్టె వాక్యం బోర్డు మీద మళ్లీ రాశాను. ఏ పోగుకు ముడి వేయాలో ఆయన మాటల్లోనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా విని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.