ఆపరేషన్ అయినాక నీకెందుకు?

ఆ రోజు నేను తప్పు చేశాను. పన్నెండేళ్లుగా మోస్తున్నాను. నిన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు.

గౌలిపుర గల్లీల్లో నేను మశూచి టీకా వేయని ఇల్లు లేదు. నన్ను చూస్తే పిల్లలు మంచాల కింద దూరేవారు, పెద్దలు 'టీకాల సారు' అంటూ కుర్చీ వేసేవారు. ఆ గౌరవం నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే. తర్వాత దవాఖానలో కుటుంబ నియంత్రణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నిరోధ్ తొడుగుల పాకెట్లు పంచాలి, ఆపరేషన్లకు ఒప్పించాలి. అక్కడా నేనే ముందు.

పాల యాదయ్య భార్య లచ్చమ్మను ఆపరేషన్‌కు ఒప్పించింది నేనే. మరుసటి ఏడు యాదయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. బర్రెలు కొనడానికి వారాల తరబడి ఊళ్లు తిరిగే మనిషి.

"సారూ, రెండు పాకిట్లియ్యి," అన్నాడు మెల్లగా.

"ఆపరేషన్ అయినాక నీకెందుకయ్యా? నీ పెండ్లానికి నేనే గదా చేపిచ్చిన!" అన్నాను, వరుసంతా వినేట్టు.

వెనక నుంచి ఎవరో, "బర్రెలకు తొడుగుతడేమో సారూ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"అవు సారూ, యాది మరిచిన," అని యాదయ్య ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

ఆ తొడుగు రోగాన్ని కూడా ఆపుతుందని నాకు తెలియదా? తెలుసు. శిక్షణలో చెప్పారు. పిల్లలు చాలనుకున్న ఇంటికి దానితో పనేముందని అనుకున్నానా? అంత కూడా ఆలోచించలేదు. నా పనితనం పదిమందిలో చెప్పుకునే సందు దొరికింది, చెప్పుకున్నాను.

నాలుగు నెలలకు లచ్చమ్మ జ్వరంతో, పొత్తికడుపు నొప్పితో వచ్చింది. భర్త నుంచి సోకిన సుఖరోగమని డాక్టరమ్మ నాతో అంది. లచ్చమ్మకు రోగం పేరు చెప్పకుండానే ఇద్దరికీ మందులు ఇచ్చారు. రోగం తగ్గింది. నొప్పి మాత్రం ఆమెను పూర్తిగా వదల్లేదు.

"ఆపరేషన్‌తోనే గిట్లయిందా అన్నా?" అని అడిగింది. తల వంచుకున్నాను. అవుననుకుంది. అనుకోనిచ్చాను.

ఆ వారమే పాకెట్లన్నీ ఒక రేకు డబ్బాలో పోసి దవాఖాన తలుపు పక్కన, తెర చాటున పెట్టాను. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. యాకుత్‌పురా స్టేషన్ హమాలీల మధ్య కూర్చుని చెప్పాను: "మశూచికి టీకా ఉన్నది. గీ రోగాలకు లేదు. గీ తొడుగే టీకా అనుకోండ్రి. ప్రతిసారీ కొత్తది వాడుండ్రి. పెండ్లయిందా, ఆపరేషనయిందా, నేనడగ. ఒంటికి పోతే మంటగిట్ల ఉంటే దాచుకోకుండ దవాఖానకు రాండ్రి." ఆ డబ్బా ఎన్నిసార్లు ఖాళీ అయిందో! టీకాల కన్నా ఎక్కువ గర్వం నాకు ఆ డబ్బా మీదే. దాచను.

ఆ నొప్పి ఆపరేషన్‌తో కాదు, తను తెచ్చిన రోగంతోనని పోయిన నెల యాదయ్య భార్యకు తానే చెప్పుకున్నాడట. ఇక నాదే మిగిలింది. నిన్న పొద్దున లచ్చమ్మ పాలు పోస్తుంటే ఆ కిటికీ దగ్గర జరిగిందంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"గప్పుడు నువ్వు గూడ నవ్వినవా అన్నా?"

"నవ్విన."

ఆమె గిన్నె నింపి, క్యాన్ ఎత్తుకుని పక్కింటికి వెళ్లింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. క్షమించిందో లేదో తెలియదు. పన్నెండేళ్లు దాచిన ఆ మాట మాత్రం ఇక నా దగ్గర లేదు.