పడకగది తలుపు బయట పెట్టినవాడు

తూంకుంటలో ప్రతాప్ కట్టించిన విల్లాకు వడ్ల దేవేందర్ పదకొండు తలుపులు బిగించాడు. పదింటి గురించి ఎవరడిగినా గంటసేపు చెప్తాడు. పదకొండో దాని ముచ్చట వస్తే మాట మారుస్తాడు.

గుండ్లపోచంపల్లిలో ఇరవై ఏళ్లుగా వడ్రంగి కార్ఖానా నడుపుతున్నవాడికి ఏ తలుపు ఎక్కడుండాలో ఒకరు చెప్పక్కర్లేదు. వాకిలికి ముదురు టేకు, బరువైన మడతబందులు, ఎండకూ వానకూ ఆగే పాలిష్. పడకగదికి చెక్కపొరలు అతికించిన పలచటి ఫ్లష్ తలుపు, చిన్న గొళ్లెం చాలు. అక్కడ చుక్క నీళ్లు పడవు. ఇంటి వెనక కాపలా జంగయ్య, భార్య వినోద, తొమ్మిదో తరగతి చదివే కూతురు వర్ష ఉండే ఒంటిగది మాత్రం నేరుగా ఆకాశం కిందికి తెరుచుకుంటుంది. దానికి తలుపు కావాల్సి వచ్చినప్పుడు, కొలత తప్పి మిగిలిన పడకగది తలుపు ఒకటి మూలన కనబడింది.

"ఎనకది ఎవరు చూస్తరు, అదే కొట్టెయ్," అన్నాడు ప్రతాప్.

దేవేందర్ కొట్టేశాడు. లోపలి గోడలకు వేయగా మిగిలిన రంగే దానికీ పూశాడు. ఈ చుట్టుపక్కల లేచిన ఇళ్లన్నిటికీ ఇదే నీతి: చూసేవాళ్లున్న వైపు టేకు, పనివాళ్లున్న వైపు మిగిలింది.

మొదటి వానాకాలం సగం కాకముందే తలుపు అడుగు ఉబ్బింది. పొరలు విడిపోయాయి. గొళ్లెం అందడం మానేసింది. వర్ష బట్టలు మార్చుకుంటుంటే వినోద బయట తలుపుకు వీపు ఆనించి నిలబడేది. ప్రతాప్ దేవేందర్‌ను పిలిపించాడు.

"గిదేంది, ఏడాది గాకముందే?"

ఆ రోజు శుక్రవారం. కడిగిన గడప మీద పసుపు ఇంకా తడిగా ఉంది. దేవేందర్ చూపు దాని మీద పడింది.

"నీళ్లు, పటేలా. వారం వారం బిందెలతోని కడుగుతున్నరు. గట్ల కడిగితే రాయి గూడ నానుతది."

ప్రతాప్ జంగయ్య వైపు తిరిగాడు. "ఇచ్చిన గది కాపాడుకునుడు రానోడివి, నా ఇల్లేం కాపాడుతవురా? దసరా దాంక చూస్త. ఇంకింత ఖరాబైతే సామాన్ సర్దుకోండ్రి."

జంగయ్య తలదించుకున్నాడు. దేవేందర్ ఉబ్బినచోట చిత్రిక పట్టి, గొళ్లెం అందేలా చేసి వెళ్లిపోయాడు.

నెల దాటాక, ముందు తలుపు తాళం సరిచేయడానికి మళ్లీ వచ్చాడు. అదీ శుక్రవారమే. వెనక గడప దుమ్ముకొట్టుకుని ఉంది. తలుపు అడుగు మళ్లీ ఉబ్బి, పొరలుగా వేలాడుతోంది. దసరాకు పది రోజులుంది.

"నువ్వు చెప్పిన కాన్నుంచి చుక్క నీళ్లు పొయ్యలేదన్నా," అంది వినోద. "గడపకు పసుపు లేదని మా అత్త తిడ్తదని, బతుకమ్మకు ఆమెను గూడ రావద్దన్న. అయినా గిట్లనే అయితాంది. ఇంకేమన్న తప్పు జేస్తున్నమా, చెప్పరాదు."

ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నమ్మింది. దేవేందర్ ఆమె ముఖం చూడలేక, తలుపుతో చెప్తున్నట్టు చెప్పాడు.

"తప్పు మీది గాదు చెల్లె. ఇది లోపలి తలుపు. కడిగినా కడగకున్నా వానకు ఉబ్బుతది. పెట్టిననాడే నాకెరుక. రేపు మంచిది తెచ్చి పెడ్త."

"తలుపు తర్వాత," అంది వినోద. "మా ఆయన్ను ఎవరితోని తిట్టిచ్చినవ్? ఆ పటేల్ ముంగట్నే గీ మాట చెప్పు."

ప్రతాప్ వరండాలో ఫోన్ చూసుకుంటున్నాడు. జంగయ్య, వినోద వెనకాలే నిలబడ్డారు. దేవేందర్ అంతా చెప్పాడు. ప్రతాప్ నవ్వాడు.

"గింత దానికి ఇంత పంచాయితీ ఎందుకురా? సరే, వాళ్లను ఉండమను. ఇంకోటి ఏదో ఒకటి పెట్టు."

"ఏదో ఒకటి గాదు పటేలా. బయటిదే పెడ్త."

"పెట్టుకో పో," అంటూ ప్రతాప్ మళ్లీ ఫోన్‌లోకి తల దూర్చాడు. జంగయ్యతో ఒక్క మాటైనా అనలేదు.

మరునాడు దేవేందర్ కొత్త తలుపు బిగిస్తున్నంతసేపూ జంగయ్య గేటు దగ్గరే ఉన్నాడు. పలకరించలేదు. పని సగంలో ఉండగా వర్షతో చాయ్ మాత్రం పంపించాడు. దేవేందర్‌కు అది తాగబుద్ధి కాలేదు. వద్దనే ముఖమూ లేకపోయింది.