పుట్టిన వేళ అడగని ప్రోగ్రాం

యూదుల హీబ్రూ పంచాంగంలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పాత జనన రిజిస్టర్లలోని హీబ్రూ తేదీలను ఇంగ్లీషు తేదీలుగా మార్చే ప్రోగ్రాం రాసిన ఉద్యోగిని, పుట్టిన వేళ ఉన్న గడిని పట్టించుకోలేదు. దాంతో డిసెంబరు ముప్పై ఒకటిన చీకటి పడ్డాక పుట్టిన ఆమె పెద్దమ్మ జనవరి ఒకటికి జరిగిపోయింది. ఉచిత కంటి ఆపరేషన్ల జాబితా ఆ ఏడాది డిసెంబరు ముగిసేలోగా పుట్టినవారికే; పెద్దమ్మ పేరు అందులో చేరలేదు.

“ఈ వయసులో నన్ను పడుచుదాన్ని చేశావే తల్లీ!” అని పెద్దమ్మ నవ్వింది.

ఉద్యోగినికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ప్రోగ్రాం సరిదిద్ది, తప్పు తనదేనని కార్యాలయానికి రాసి సంతకం చేసింది.

“జాబితా మూసేశామమ్మా, వచ్చే ఏడాది చూద్దాం” అన్నాడు అధికారి.

తప్పును అంగీకరించిన కార్యాలయం దాని ఫలితాన్ని పెద్దమ్మకే వదిలేసింది. ఆ సాయంత్రం ఆమె పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెట్టి చెబుతూ కిందికి దించింది.