పరుశురాం కడిగిన సన్నాయి

యూనివర్సిటీ వర్క్‌షాపులో పరుశురాం ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్. యంత్రం మీదికి మురికి వస్తువు ఎక్కించడం ఆయన మతంలో లేదు. చిన్న బోల్టయినా సరే, కిరోసిన్‌తో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాకే పని మొదలుపెడతాడు. ఆయన దగ్గరికి ప్రొఫెసర్లు కూడా చేతులు కడుక్కునే వస్తారని విద్యార్థుల వేళాకోళం.

ఆ శుభ్రతే కొంప ముంచింది.

మాణికేశ్వర్ నగర్‌లో ఉండే అన్న కొమురెల్లి పెళ్లిళ్లలో సన్నాయి వాయిస్తాడు. చనిపోయిన తండ్రి ఇచ్చిన సన్నాయి అది. మొన్నటి ఎండలకు నిలువునా పగిలింది. కొత్తవి రెండు కొని చూశాడు గానీ, ఒక్కటీ చేతికి లొంగలేదు.

"ఆదివారం తార్నాకల పెండ్లున్నది. రానని చెప్త. ఇగ వాయించుడు బందే తమ్మీ" అన్నాడు.

పరుశురాం వర్క్‌షాపు సార్‌ను అడిగి, సన్నాయిని శుభ్రంగా కడిగి, స్కాన్ చేసి, లోపలి బోలు కొలిచి, కంప్యూటర్లో పగులు పూడ్చి, త్రీడీ ప్రింటర్‌కు అప్పజెప్పాడు. శనివారం పొద్దునకల్లా నల్లటి ప్లాస్టిక్ సన్నాయి తయారైంది. వెంట్రుకవాసి తేడా లేదు.

అన్న వచ్చి, పాత సన్నాయికి నోటి దగ్గరుండే పీకను తీసి దానికి బిగించి ఊదాడు. శ్రుతి తప్పింది. మళ్లీ ఊదినా అంతే. అప్పుడు పాత సన్నాయి అందుకుని రంధ్రాల అంచులు తడిమాడు.

"గీడ మైనం ఉండాలె. ఏడ పోయింది?"

"మురికనుకొని కడిగిన అన్నా."

"బాపు పెట్టిన మైనం రా అది. ఏ బొక్క ఎంత మూయాల్నో విని పెట్టిండు. పదేండ్ల సంది నేను ముట్టలే."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొమురెల్లికి చెవులు మందగించాయి, తప్పు తెలుస్తుంది గానీ సరిచేసేంత వినబడదు; వేళ్ల అలవాటుతోనే నెట్టుకొస్తున్నాడు. మళ్లీ మైనం పెట్టి శ్రుతి కలపడం ఆయన వల్ల కాదు.

పరుశురాం తార్నాక దుకాణాలన్నీ తిరిగి తేనెమైనం తెచ్చాడు. సన్నాయి ఏనాడూ నోట పెట్టి ఎరగడు.

"ఊదన్నా" అన్నాడు. గోటితో చిటికెడు మైనం ప్లాస్టిక్ సన్నాయి రంధ్రం అంచుకు అద్దాడు. "శ్రుతి ఇంకా పైకున్నది. ఆగు. మల్లా ఊదు."

"నీకెట్ల తెలుస్తున్నది రా?"

"చిన్నప్పుడు రోజూ పొద్దుగాల నన్ను లేపింది బాపు సన్నాయే గదన్నా."

మధ్యాహ్నం రెండయింది. కొమురెల్లి పెళ్లిపాట ఒకటి మొత్తం వాయించి ఆపాడు. తన చెవుల మీద నమ్మకం లేక తమ్ముడి మొహంలోకి చూశాడు.

"బాపుది లెక్కనే ఉన్నదా?"

కొలతల దగ్గర అబద్ధమాడే అలవాటు పరుశురాంకు లేదు.

"లేదన్నా. నీది లెక్కున్నది."

కొమురెల్లి కళ్లు తుడుచుకుని, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.