డిసెంబరు ఇరవై అయిదు డ్యూటీ

పెద్ద సిస్టరు క్రిస్మస్ చేసుకోదు. అయినా ఇరవై ఆరేళ్లలో ఒక్క క్రిస్మస్ కూడా ఎగ్గొట్టలేదు. రెండూ నిజమే. ఎలాగో చెబుతాను.

ఆవిడ కాన్పుల ఆసుపత్రిలో నర్సు. భర్తకి గడియారాలు బాగుచేసే కొట్టుంది కాబట్టి అందరూ ఆయన్ని గడియారాలాయన అంటారు. సైకిలు షాపు మేడమీద శనివారం శనివారం కూడే ఒక చిన్న సంఘానికి ఆయన పెద్ద. సంఘమంటే పద్నాలుగు మంది, వాన పడితే తొమ్మండుగురు. దేవుడు గ్రంథంలో రాయించినవే పండుగలు, తక్కినవన్నీ మనుషులు మధ్యలో తెచ్చిపెట్టుకున్న వేడుకలు అని వాళ్ల పట్టు. పస్కా ఆచరిస్తారు. పులియని రొట్టెల పండుగ ఏడు రోజులూ ఇంట్లో పులిసిన పిండి నలుసైనా లేకుండా దులుపుతారు. బూరల పండుగకి బూర ఊదుతారు. పర్ణశాలల పండుగకి ఎనిమిది రోజులు ఊరి బయట గుడారాల్లో ఉంటారు. క్రిస్మస్ అన్న మాట మాత్రం ఇంట్లో వినపడకూడదు.

వాళ్ల పండుగలన్నీ నెలవంకని బట్టి వస్తాయి. ఊళ్లో వాళ్లందరి గడియారాలూ సెకన్లతో సహా సరిచేసే మనిషి, తన పండుగ మంగళవారమా బుధవారమా అని అడిగితే మాత్రం మేడెక్కి మబ్బులకేసి చూస్తాడు.

ఇంట్లో పిండి దులుపుతారని అన్నాను గానీ, దులిపేది పెద్ద సిస్టరు ఒక్కతే. గుడారాల్లో పద్నాలుగు మందికీ వండి వార్చేదీ ఆవిడే. మగాళ్లు గ్రంథంలోని జనం అరణ్యంలో చేసిన నలభై ఏళ్ల ప్రయాణం గురించి చర్చించుకుంటుంటే ఆవిడ తడి కట్టెల పొయ్యి ఊదుతూ ఉండేది. ఆ నలభై ఏళ్లూ వంట ఎవరు చేశారో ఒక్కరూ చర్చించలేదు.

ఆ గుడారాలకి ఎనిమిది రోజులు వరసగా సెలవు కావాలి. అందుకని ఉద్యోగంలో చేరిన ఏడాదే అప్పటి మేట్రనుతో ఒప్పందం చేసుకుంది. ఏటా క్రిస్మస్ డ్యూటీ తనది, బదులుగా ఆ ఎనిమిది రోజులూ తనవి. తోటి నర్సులు ఎగిరి గంతేశారు. పండుగ పూట ఎవరు డ్యూటీ చేస్తారన్న తగవు ఆ రోజుతో తీరిపోయింది. ఎంత త్యాగం, ఎంత త్యాగం అని ఇరవై ఆరేళ్లుగా పొగుడుతూనే ఉన్నారు.

త్యాగమూ లేదు, చట్టుబండలూ లేదు. ఏడాదిలో ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క రోజు కోసమే.

పుట్టిల్లు పాటల ఇల్లు. తండ్రి చర్చిలో పాటలు ఎత్తుకునేవాడు, తల్లి అంట్లు తోముతూ అందుకునేది. ఇరవై రెండో ఏట పెళ్లయింది, పాటలకి తాళం పడింది. పదకొండేళ్లు నోరు మూసుకుని బతికాక, మొదటిసారి ఆ డ్యూటీలో ఒక పసిబిడ్డకి బొడ్డు కోసి గుడ్డలో చుట్టి ఊరుకోబెట్టబోతే, తల్లి పాడే క్రిస్మస్ జోల దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ భయపడి చుట్టూ చూసింది. పసివాళ్లకి చెవులుంటాయి గానీ చాడీలు చెప్పే నోరుండదు. అప్పట్నుంచి ఆ రోజు పుట్టిన ప్రతి బిడ్డకీ పాడుతూనే ఉంది. గోడ గడియారం మేకుకి కాగితం నక్షత్రం వేలాడదీసేది. ఎవరో తెచ్చిన కేకు దుప్పట్ల బీరువా వెనక నిలబడి రెండు ముక్కలు తినేది. ఇరవై ఆరు క్రిస్మస్‌లకి డెబ్బై ఒక్క మంది. ఒక్కరినీ మరిచిపోలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఏటా అదే రోజు పొద్దున పదింటికి గడియారాలాయన మేడమీద రెండు గంటలు ప్రసంగిస్తాడు. అంశం ఎప్పుడూ ఒకటే, ఇవాళ పండుగ కాదు అని. పద్నాలుగు మందీ ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఠంచనుగా వచ్చి, చివర్లో టీ బిస్కెట్లు తీసుకుని వెళతారు. ఆ పండుగ చేసుకునేవాళ్లయినా ఒక ఏడు మానేస్తారేమో గానీ, చేసుకోనివాళ్లు మాత్రం ఎప్పుడూ మానలేదు. ఆ ప్రసంగం నుంచి ఆవిణ్ణి ఇన్నేళ్లూ కాపాడింది డ్యూటీయే.

ఈ ఏడు కొత్త మేట్రను వచ్చింది. చిన్నపిల్ల, వెన్నలాంటి మనసు. ఇలాంటివాళ్లతోనే చిక్కు. డ్యూటీల కాగితం గోడకి అంటించింది. ఇరవై అయిదో తారీఖు, పెద్ద సిస్టరు: సెలవు.

"మార్చిలో రిటైరవుతున్నారు కదా సిస్టర్. ఇన్నేళ్లూ మా కోసం పండగ వదులుకున్నారు. ఆఖరుసారైనా ఇంట్లో అందరితో కలిసి చేసుకోండి."

"మా ఇంట్లో చెయ్యరు మేడమ్."

"ఇంట్లో మీరుండకపోతే ఎవరు చేస్తారు చెప్పండి. అందుకే వెళ్లమంటున్నా."

ఇక ఏం చెబుతుంది? చేసుకోనని ఒప్పుకుంటే, మరి ఆ డ్యూటీ కోసం పాకులాట ఎందుకని అడుగుతారు. చేసుకుంటానని చెబితే మొగుడికి తెలుస్తుంది. కక్కలేదు, మింగలేదు. వచ్చే డిసెంబరుకి ఆవిడకి ఉద్యోగమే ఉండదు. అంటే ఇదే ఆఖరిది, అదీ చేజారిపోయింది. ఇంజక్షన్ల గదిలోకి వెళ్లి ఏడ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. మేట్రను గడియారం పట్టీ మార్పించుకోవడానికి కొట్టుకెళ్లి ఆయనకీ ఆ శుభవార్త చెప్పింది.

"ఇన్నాళ్లకి నా ప్రసంగం వినే భాగ్యం నీకు దక్కిందే" అన్నాడు సాయంత్రం, ముఖం వెలిగిపోతుంటే.

"ఇంట్లో రోజూ వింటూనే ఉన్నా కదండీ."

"అది వేరు. ముందు బెంచీలో కూర్చో."

కూర్చుంది. సైకిలు షాపు వాడు, వాడి అత్తగారు, ఇద్దరు కుట్టుపని అక్కచెల్లెళ్లు, అందరూ ఉన్నారు. గడియారాలాయన అందుకున్నాడు. రక్షకుడు ఈ రోజే పుడితే, అంత చలిలో కాపరులు పొలంలో మందల్ని ఎందుకు కాస్తారు? అలాంటి కాలంలో ఏ రాజైనా జనాన్ని ఊళ్లకి తిప్పి లెక్క రాయిస్తాడా? ఆ ప్రశ్నల్లో అబద్ధమేం లేదు, ఆవిడకీ తెలుసు. కానీ గంట దాటేసరికి వార్డులో ఎవరెవరికి నొప్పులు మొదలయ్యాయో అన్నదే ఆవిడ మనసులో తిరుగుతోంది. నాలుగో మంచం అమ్మాయికి ఇవాళే. ఆ పక్కనున్న పిల్లకి మొదటి కాన్పు, చేయి పట్టుకోనిదే ఓర్చుకోలేదు.

"కాబట్టి ఈ రోజున ఎవరూ పుట్టలేదు" అని ఆయన బల్ల గుద్దాడు.

"పుట్టారండీ" అంది పెద్ద సిస్టరు.

ఆ గదిలో ఇంతవరకు ఆవిడ నోట ఆమేన్ తప్ప రెండో మాట రాలేదు. గడియారాలాయన కళ్లజోడు తీశాడు. "ఎవరు పుట్టారు?"

"డెబ్బై ఒక్క మంది. నా చేతుల్లోనే."

"నేను చెప్పేది వాళ్ల సంగతి కాదు."

"తెలుసండీ. ఆయన ఎప్పుడు పుట్టాడో నాకూ తెలీదు. ఎప్పుడు పుట్టినా ఒక తల్లి నొప్పులు పడే ఉంటుంది. ఎవరో ఒకావిడ వేణ్ణీళ్లు పట్టుకుని పక్కన నిలబడే ఉంటుంది. ఆవిడని నేనైనా తలుచుకుంటాను. ఇవాళ నాకు డ్యూటీ ఉంది."

సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది. సైకిలు షాపు వాడి అత్తగారు అలవాటు కొద్దీ "ఆమేన్" అంది.

వార్డులో మేట్రను ఒక్కతే, తోడు ఒక కొత్త నర్సు. నొప్పులతో ముగ్గురు. మేట్రను జుట్టుముడి ఊడిపోయి మొహమంతా చెమటలు. పెద్ద సిస్టరు గుమ్మంలో కనపడగానే, సెలవులో ఉన్న మనిషి ఎందుకొచ్చిందని అడగలేదు. "సిస్టర్, నాలుగో మంచం" అంది.

సాయంత్రానికి ఇద్దరు పుట్టారు. మధ్యలో తీరిక దొరికినప్పుడు ఆవిడ దుప్పట్ల బీరువాలోంచి కాగితం నక్షత్రం తీసి గోడ గడియారం మేకుకి వేలాడదీసింది. మొదటివాడికి గొంతు తగ్గించి పాడింది. రెండోదానికి తలుపు తీసే ఉన్నా, ఎవరైనా వింటారేమో అన్న ఆలోచనే లేకుండా పాడింది. మూడో ఆవిడకి ఇంకా టైముంది.

బయటికి వచ్చి చూస్తే వరండాలో గడియారాలాయన, చేతిలో ఆవిడ అన్నం కేరియరు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"ఇందాక పాడింది నువ్వేనా?"

"నేనే."

తిట్లు పడతాయని ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. ఈసారి తలవంచదలుచుకోలేదు. ఆయన కాసేపు కేరియరు మూత సర్దాడు.

"ఇవాళ ఎంతమంది?"

"ఇద్దరు. డెబ్బై మూడయింది."

"తారీఖు సంగతి నాకొద్దు. టైమెంత?"

"ఒకడు మూడూ నలభైకి. పిల్ల అయిదు కావస్తుండగా."

"కావస్తుండగా అంటే?" ఆయన గుమ్మంలోంచి గోడ గడియారం చూసి, తన చేతి గడియారం చూసుకున్నాడు. "అది నాలుగు నిమిషాలు వెనక ఉంది. పిల్లల టైము తప్పు రాస్తున్నారు మీరు. స్టూలు ఏదీ?"

స్టూలెక్కాడు. గడియారం దించాలంటే ముందు కాగితం నక్షత్రాన్ని తియ్యాలి. తీసి, ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపల మూడో ఆవిడ కాన్పయింది, పెద్ద సిస్టరు పాట అందుకుంది. నాలుగు నిమిషాల తేడా సరిచేయడానికి గడియారాలాయనకి గంట పట్టింది. తర్వాత గడియారాన్ని మేకుకి తగిలించి, దాని మీద నక్షత్రం తగిలించి, వంకరగా ఉందని సరిచేసి కిందికి దిగాడు.