పద్నాలుగో నమూనాలో తప్పు

మా మేనమామకి ఒక్కటే జబ్బు. దేన్ని చూసినా వంక పెట్టాలి. ఆయనకి వేరే జబ్బులు కూడా ఉండేవి గానీ అవి డాక్టర్లు కనిపెట్టినవి. ఇది మాత్రం సొంతం. పుట్టగానే ఏడవకుండా, మంత్రసాని తనని పట్టుకున్న తీరు చూసి మొహం చిట్లించాడని మా అమ్మమ్మ చెప్పేది. పెళ్ళి ఫొటోలో అందరూ కెమెరా కేసి చూస్తుంటే ఆయనొక్కడే కెమెరా కింద స్టాండు కేసి చూస్తుంటాడు. దానికి ఒక కాలు పొట్టిదట. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు గోరంతలు కొండంతలు చేస్తే నాలుక మీద సబ్బు రాసేవారు కాబట్టి, నేను చెప్పేదాంట్లో సగమైనా నిజం ఉంటుంది. మిగతా సగం సబ్బు రుచి మరిచిపోయాక కలిపింది.

వీధి వీధంతా ఆయన్ని వంకల మామయ్య అనేది. అత్తయ్య మాత్రం ఏమీ అనేది కాదు, టీ ఇచ్చి ఎదురుగా నిలబడేది.

"ఎలా ఉంది?"

"కప్పు చెవి చిన్నదైపోయింది."

"నేనడిగింది టీ సంగతి."

"చెవి పట్టుకోలేనివాడు టీ దాకా ఎలా వెళ్తాడు?"

అత్తయ్య నా వైపు తిరిగి, "ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయన నోట బాగుంది అన్న మాట ఒక్కసారి విన్నాన్రా. అదీ నిద్రలో కలవరించినప్పుడు," అనేది.

ఈ గుణానికి మా ఊరి మిల్లులో జీతం కూడా ఇచ్చారు. బయటికి వెళ్ళే ప్రతి సరుకునీ తనిఖీ చేసే ఉద్యోగం. తర్వాత మిల్లు మూతపడింది. ఒక సోమవారం పొద్దున గేటుకి తాళం, తాళానికి ఒక కాయితం. ఆరువందల మంది ఆ కాయితం చదివి ఇంటికెళ్ళారు. కాయితంలో రెండు అచ్చుతప్పులున్నాయని మామయ్య ఒక్కడే వాచ్‌మన్‌కి చెప్పి వచ్చాడు.

పని చేసిన చేతులు ఊరికే కూర్చోవు. మొదటి నెలలో అందరూ ఇంట్లో విరిగినవన్నీ బాగుచేశారు. రెండో నెలలో విరగనివి కూడా బాగుచేశారు. మూడో నెల నుంచి కొత్తవి కనిపెట్టడం మొదలుపెట్టారు. ఏ ఇంటి తలుపు తట్టినా ఒక మొగుడు నేలమీద కూర్చుని మేకులు కొడుతుండేవాడు, ఒక పెళ్ళాం తల పట్టుకుని ఉండేది. కొందరు మేకులు కొట్టడం కూడా మానేసి గోడకేసి తిరిగి పడుకున్నారు. అలా పడుకున్నవాళ్ళలో ముగ్గురు ఆ ఏడాది లేవనే లేదు.

అప్పుడు మామయ్య సైకిల్ షాపు మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ఎవరైనా సరే, ఇంట్లో పనికొచ్చే వస్తువు కనిపెట్టి అక్కడికి తేవచ్చు. ఆయన వంకలు పెడతాడు. సరిచేసి తేవాలి. ఆయన "పర్వాలేదు" అన్నరోజు నేను దాని బొమ్మ గీస్తాను. ఆ బొమ్మ కాయితం ఇల్లిల్లూ తిరుగుతుంది. కావాలనుకున్నవాళ్ళు పేరు రాసి కొంచెం బయానా ఇవ్వాలి. రెండొందల పేర్లు పడితే వస్తువు తయారవుతుంది, లేకపోతే ఎవరి బయానా వాళ్ళకి వెళ్ళిపోతుంది. తయారుచేసే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వరు; కనిపెట్టినవాళ్ళ ఇంటికే వెళ్ళాలి. అదీ ఆ గది కట్టుబాటు.

"ముందే చేసి పెట్టుకుని అమ్మితే ఏం పోయింది?" అని అడిగాను ఒకసారి.

"మిల్లు చేసింది అదేగా. అడిగేవాడు లేకుండా చేసిన వస్తువు చెత్తకుప్పకి పుట్టిన బిడ్డరా."

దర్జీ ఒక దిండు తెచ్చాడు. అలారం మోగగానే అందులోని గాలంతా పోయి తల మంచపు చెక్కకి కొట్టుకుంటుంది. మామయ్య దాని మీద పడుకుని, లేచి, నుదురు తడుముకుంటూ, "లేపడం బాగానే లేపుతోంది. లేచినవాడు ముందు నీ ఇల్లెక్కడని అడుగుతాడు," అన్నాడు.

పోస్ట్‌మ్యాన్ మూలలు ఊడ్చే చీపురు తెచ్చాడు.

"నువ్వెప్పుడైనా ఇల్లు ఊడ్చావా?" అన్నాడు మామయ్య.

"మా ఆవిడ ఊడుస్తుందండీ."

"వారం రోజులు నువ్వు ఊడ్చి రా."

వారం తర్వాత పోస్ట్‌మ్యాన్ నడుం పట్టుకుని, ఇంకో రకం చీపురు పట్టుకుని వచ్చాడు. దానికి మూడొందల పేర్లు పడ్డాయి. అందులో పోస్ట్‌మ్యాన్ భార్య పేరు లేదు. అప్పటికే ఇంట్లో ఊడ్చే పని ఆయనకి అలవాటైపోయింది, ఆవిడకి దాని అవసరం లేకపోయింది.

ఇలా ఏడేళ్ళలో మామయ్య "పర్వాలేదు" అన్నవి పదకొండే. మిగతావన్నీ వంకలు మోసుకుని వెనక్కి వెళ్ళాయి.

ఆ ఏడో ఏడు లేత్ మేస్త్రి వచ్చాడు. మిల్లులో నలభై ఏళ్ళు లేత్ మీద ఇనుము చెక్కిన మనిషి. ఆ ఇనుము పొడిలో సగం ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. మా గదికి ఇరవై రెండు మెట్లు. ఆయన ఎక్కడానికి పట్టినంత సేపట్లో కింద షాపువాడు రెండు పంక్చర్లు వేశాడు. వెనకే కూతురు, ఎడమ చెయ్యి పైటకొంగులో చుట్టుకుని. మిల్లులో ప్రెస్సు మిషను ఆ చేతి వేళ్ళు నాలుగు తీసుకుంది. బొటనవేలు వదిలిపెట్టింది.

మేస్త్రి బల్ల మీద ఒక ఇనప దవడ పెట్టాడు. దాన్ని అలమర అంచుకి బిగించాలి. జామ్ సీసా గానీ మందు సీసా గానీ మూత దాంట్లోకి తోసి, సీసాని తిప్పితే చాలు, మూత ఊడుతుంది. ఒక్క చెయ్యి సరిపోతుంది.

"డాక్టరు నాకు రెండు నెలలన్నాడు," అన్నాడు మేస్త్రి ఊపిరి అందాక. "చెయ్యి చూసి మా అమ్మాయికి ఎవరూ పని ఇవ్వడం లేదు. మొహం తిప్పుకుంటున్నారు. ఈ వస్తువుకి పేర్లు పడితే ఆ పని మా ఇంటికొస్తుంది. నేను పోయేలోపు పని దాని చేతిలో పెట్టాలి."

నేను పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను. మామయ్య దవడని వెలుతురులో తిప్పి చూశాడు.

"పళ్ళు మూతని కరుస్తున్నాయి మేస్త్రీ. వేలు పెడితే వేలినీ కరుస్తాయి. మళ్ళీ చెయ్యండి."

కూతురు చెయ్యి ఇంకాస్త లోపలికి చుట్టుకుంది. ఇద్దరూ దిగి వెళ్ళిపోయారు.

మేస్త్రి మళ్ళీ మెట్లెక్కే స్థితిలో లేడు కాబట్టి నమూనాలు తేవడం, వంకల కాయితాలు ఇచ్చిరావడం నా పనైంది. రెండోదానికి చిన్న మూతలు జారాయి. మూడోది నా కంటికి బంగారంలా ఉంది. మామయ్యకి మాత్రం రెండ్రోజుల తర్వాత అందులో కీచుమనే శబ్దం వినిపించింది. నాలుగోది బరువు. అయిదోది తేలిక. ఆరోదాంట్లో గాడి ఎందుకు, తీసెయ్యమన్నాడు. డాక్టరు చెప్పిన రెండు నెలలు దాటాయి. నేను ఇక ఊరుకోలేకపోయాను.

"మామయ్యా, ఆయన చచ్చిపోతున్నాడు."

"తెలుసు."

"తెలిసి?"

"స్క్రూ తల బయటికి పొడుచుకుని ఉంది. చొక్కా చిరుగుతుంది."

"చిరిగితే కుట్టుకుంటారు."

"ఒక చేత్తో సూదిలో దారం ఎక్కించి చూపించు."

ఇలా ఇంకో రెండు నెలలు. పదో వంకల కాయితం నా చేతికిచ్చిన రోజు నేను పెన్సిలు బల్ల మీద విసిరికొట్టి, ఇక ఈ గదికి రానన్నాను. మామయ్య పెన్సిలు తీసి చూసి, "ములుకు పక్కకి చెక్కావు," అన్నాడు.

కాయితం జేబులో కుక్కుకుని తిన్నగా మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వంకలన్నీ పక్కన పెట్టండి, మూడో నమూనా బొమ్మ నేనే గీస్తాను, నేనే ఇల్లిల్లూ తిరుగుతాను అని చెప్పేద్దామని. గుమ్మంలోనే కూతురు నా మొహం చూసి, లోపలికి పోనివ్వకుండా మెట్ల కిందికి లాక్కెళ్ళింది. అక్కడ ఒక రేకు పెట్టె ఉంది. తాళం తీసి చూపించింది. పెట్టె నిండా ఆర్డరు కాయితాలు.

"రెండొందల ముప్ఫై ఒకటి, అన్నయ్యా."

"దేనికి?"

"మూడోదానికి. మావయ్యగారే బొమ్మ గీశారు."

చూశాను. దవడకి బదులు ఏనుగు మోకాలు గీసినట్టుంది.

"నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు," అంది. "నాలుగంతస్తులు కూడా ఎక్కారు."

"మామయ్య అమ్మాడా?"

"అమ్మలేదు, తిట్టారు. తలుపు తీయగానే, 'అమ్మా, ఇదొక మూతలు తీసే ఇనప ముక్క, దీనికి మూడు లోపాలున్నాయి. అందంగా ఉండదు. కాలి మీద పడితే వేలు పోతుంది. ఒకసారి బిగిస్తే ఇల్లు మారినా ఊడిరాదు' అనేవారు. అంతే, వాళ్ళు లోపలున్న అత్తగార్ని కేకేసేవాళ్ళు. 'వంకల మామయ్యకి మూడే దొరికాయట, తొందరగా రండి' అని. నేను ఈ చేత్తో పట్టుకుని మూత తీసి చూపించేదాన్ని. ఎవరూ మొహం తిప్పుకోలేదు."

"మరి మీ నాన్నకి చెప్పలేదేం?"

ఆమె పెట్టె మూసింది. "మూడోది మీకిచ్చాక నాన్న ఇక పనైపోయిందనుకున్నారు. గోడకేసి తిరిగి పడుకున్నారు. రెండ్రోజులు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. ఆ సంగతి వెళ్ళి మావయ్యగారికి చెప్పాను. ఆ సాయంత్రమే మీరు కీచు శబ్దం కాయితం తెచ్చారు. నాన్న చదివి, మావయ్యగారి వంశం మొత్తాన్ని తిట్టి, లేచి కూర్చుని ఆకురాయి అడిగారు."

నేను లోపలికి వెళ్ళాను. ఒకటే గది. కిటికీ చెక్కకి బిగించిన, ఇనుము పట్టుకునే వైసు, దానికి అందేంత దగ్గరగా మంచం. మేస్త్రి ఊపిరి తీస్తుంటే పక్క గదిలో ఎవరో రంపం కోస్తున్నట్టుంది. కాయితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కూతుర్ని మంచినీళ్ళు తెమ్మని పంపి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"బాబూ, ఆరోసారి తీసెయ్యమన్న గాడిని పదోసారి మళ్ళీ పెట్టమన్నాడు మీ మామయ్య. నలభై ఏళ్ళు లేత్ మీద నిలబడ్డవాణ్ణి, నాకు తెలీదూ?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఆ పెట్టె తాళం కూడా నేను చేసిందే. మొన్న అమ్మాయి బజారుకెళ్ళినప్పుడు గోడ పట్టుకుని వెళ్ళి లెక్కపెట్టుకున్నాను. రెండొందల ముప్ఫై ఒకటి."

"మరి ఇంకా ఎందుకీ కష్టం?"

"అంత పెద్దమనిషి, పాపం ఎక్కడెక్కడో వెతికి వంకలు తెస్తున్నాడు. నేను ఆపేస్తే ఆయనేం చేసుకుంటాడు? ఆ ఆకురాయి ఇలా అందుకో."

అందించాను. తర్వాత తిరిగి గదికి వెళ్ళి నా పెన్సిలు తీసుకున్నాను. మేస్త్రికి అన్నీ తెలుసన్న సంగతి మామయ్యకి చెప్పలేదు. తయారీ పని కూతురి చేతికొచ్చింది. మిల్లులో తనతో పాటు పనిచేసిన ఇంకో నలుగురు ఆడవాళ్ళతో ఎదురింటి గదిలో బల్ల వేసుకుంది. కిటికీలోంచి ఆ చప్పుడు మేస్త్రి వినేవాడు. అదేం చప్పుడని ఒక్కసారీ అడగలేదు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం మేస్త్రి ఆకురాయి పక్కన పెట్టి, నీళ్ళు తాగి పడుకున్నాడు. లేవలేదు. రెండు నెలల గడువుని ఏడు నెలలు చేసిన మనిషిని సాగనంపడానికి మిల్లు మనుషులంతా వచ్చారు. మామయ్య చివర్లో నడిచాడు. వచ్చి మంచమెక్కాడు.

నాలుగో రోజు అత్తయ్య పరుగున మా ఇంటికి వచ్చింది.

"ఒరేయ్, డాక్టర్ని పిలు. టీ తాగి బాగుందన్నారు."

డాక్టరు వచ్చి గుండె బలహీనంగా ఉందన్నాడు. మామయ్య ఆయన స్టెతస్కోపుని కూడా ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. దాన్నీ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం మేస్త్రి కూతురు వచ్చింది. కొంగు చుట్టుకోలేదు. మంచం మీద ఒక ఇనప దవడ పెట్టింది.

"పద్నాలుగోది, మావయ్యగారూ. మీరు వంకలు పెట్టడం మానేసిన రోజు ఇమ్మన్నారు నాన్న."

దానికి ఒక చీటీ కట్టి ఉంది. మామయ్య తిరగలేదు. నేనే పైకి చదివాను. "అయ్యా, మీరు పెట్టిన పదమూడు వంకల్లో మొదటి రెండే నిజం. మిగతా పదకొండూ మీరు నా మీద దయతో పెట్టినవి. ఈ పద్నాలుగోదాంట్లో ఒక తప్పు నేనే పెట్టాను. ఇది మాత్రం నిజం తప్పు. చేతనైతే కనుక్కోండి."

కాసేపటికి మామయ్య చెయ్యి గోడ మీంచి దిగి, వెనక్కి వచ్చి, దవడని తడిమింది.

"చేతనైతేనట," అన్నాడు గోడతో. తర్వాత లేచి కూర్చున్నాడు. "నా కళ్ళజోడేదే?"

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. ఆయన ఆ దవడని భూతద్దంతో చూశాడు, తూచాడు, ఉడకబెట్టాడు, వీధిలో ఉన్న సీసాలన్నిటివీ, నా లెక్క ప్రకారం పదకొండు వేల మూతలు దాంతో తీశాడు. రోజూ పొద్దున్నే లేవడం, ఒక అనుమానం రాసి మేస్త్రి కూతురికి పంపడం. డాక్టరు మాత్రం రెండేళ్ళ కిందటే పోయాడు.

మొన్న మేస్త్రి కూతురి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడక్కడ పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు. ఆమె బొటనవేలితో దవడ నొక్కిపెట్టి మర బిగిస్తోంది.

"నిజం చెప్పమ్మా. అందులో తప్పుందా, లేదా?"

"నాన్న నాకు చెప్పే వెళ్ళారు అన్నయ్యా."

"ఏమని?"

"ఈ పొద్దున మావయ్యగారు కబురంపారు, ఎడమవైపు మర వెంట్రుకవాసి వదులుగా ఉందని."

"అదేనా తప్పు?"

ఆమె మర ఇంకో చుట్టు తిప్పింది. "కాదని చెప్పి పంపాను. కాస్త శ్రద్ధగా వెతకమన్నాను."